బాయి అని రెండుసార్లు రాశాను

నేను ఒక్కసారి కూడా అడుగుపెట్టని ఊరొకటి నాకు మా ఊరంత బాగా తెలుసు. చెక్ దేశంలో, జర్మనీ సరిహద్దు కొండల కింద ఉంటుంది. మధ్యలో నుంచి వాగు పారుతుంది. వాగుకు ఎడమ పక్కన గుట్ట, గుట్ట మీద చర్చి, చర్చి వెనక సమాధులు. కుడి పక్కన గని కార్మికుల ఇళ్ళు వరసగా ఉంటాయి. అన్నీ ఒకే కొలతవి, ఒకే రకం పెంకుటిళ్ళు, ప్రతి ఇంటి వెనకా ఒక కూరగాయల మడి. ఆ ఇళ్ళు దాటితే గడ్డి మొలిచిన మూడు మట్టి దిబ్బలు. బొగ్గుతో పాటు పైకి వచ్చిన పనికిరాని రాయీ మట్టీ ఒకప్పుడు అక్కడ పోసేవారు. ఇప్పుడు చలికాలంలో పిల్లలు వాటి మీద నుంచి మంచులో జారుతారట.

ఆ ఊరి పటాన్ని నేను బహ్రెయిన్‌లో, మనామా నగరంలో గీశాను. సూక్ అనే పాత బజారుకు రెండు వీధుల అవతల మా ఆఫీసు. ఎక్కడైనా కట్టడం లేపే ముందు, అక్కడ నేల లోపల ఏముందో బోరు వేసి చూసి చెప్పడం మా ఆఫీసు పని. ఇంజనీర్లు చెప్పినదాన్ని కంప్యూటర్ మీద గీసి పెట్టడం నా పని. డ్రాఫ్ట్స్‌మన్‌ను. నా గీత బాగుంటుందని ఇక్కడ అందరూ ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. ఇప్పుడు రాస్తున్న తప్పులో నా చేతి దోషం ఏమీ లేదు.

మా పెద్ద ఇంజనీరుది ఆ చెక్ ఊరు. అరబ్బీలో ఇంజనీరును ముహందిస్ అంటారు. ఆఫీసులో అందరం ఆయన్ను అలాగే పిలుస్తాం. అరవై దాటిన మనిషి. ఏ మాటైనా పద అన్నట్టు "యల్లా" అని మొదలుపెట్టి, అయిపోయింది అన్నట్టు "ఖలాస్" అని ముగిస్తాడు. ఒక గురువారం సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"శనివారాలు పొద్దున రెండు గంటలు నాకిస్తావా? ఆఫీసు పని కాదు. కుదరకపోతే చెప్పు, ఏమీ అనుకోను."

విషయం ఏమిటంటే, వాళ్ళ ఊరి బస్టాపు దగ్గర పెద్ద బోర్డు పెడుతున్నారు. ఊరు ఒకప్పుడు ఎలా ఉండేదో, ఇప్పుడు ఎలా ఉందో రెండూ ఒకే పటంలో కనిపించాలి. గనులు మూసేసి చాలా ఏళ్ళయింది. ఎక్కడ ఏముండేదో తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. బాగా తెలిసిన మనిషి ఇక ఒక్కరే మిగిలారు. ఆమె ముహందిస్‌కు అక్క. పోస్టాఫీసులో చేసి రిటైరయింది. ఏ ఇంట్లో ఎవరుండేవారో, ఏ దారి ఏ గనికి పోయేదో ఆమెకు నోటికి వచ్చు. కార్మికులు గనిలోకి దిగే ముందు దీపాలు తీసుకునే గది ఒకటుంటే, దాన్ని ఆమె చిన్న మ్యూజియంగా మార్చింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది.

శనివారాలు మొదలయ్యాయి. నేను మేముండే జింజ్ పేటలోని ఫ్లాటు నుంచి బయలుదేరి వచ్చేసరికి ఆయన రెండు కరక్ చాయ్‌లు తెచ్చి పెట్టుకుని కూర్చునేవాడు. పాత గని పటం ఫొటోలు తెర మీద పెట్టి ఊరి కథ చెప్పేవాడు.

మొదట ఆ కొండల్లోకి తగరం కోసం వచ్చారట. జర్మన్ మాట్లాడేవాళ్ళు. గుట్ట పొట్టలో చిన్న చిన్న సొరంగాలు తొలిచారు. తగరం తగ్గాక దిగువన బొగ్గు దొరికింది. దాంతో ఊరు పెరిగింది, వరస ఇళ్ళు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక జర్మన్ మాట్లాడేవాళ్ళందరినీ సరిహద్దు దాటించి పంపేశారు. ఖాళీ అయిన ఇళ్ళకు వేరే ప్రాంతాల నుంచి చెక్ మాట్లాడేవాళ్ళను తెచ్చారు. అలా వచ్చినవాళ్ళే ముహందిస్ అమ్మానాన్నలు. వాళ్ళకు ఇచ్చిన ఇంటి వెనక ఆల్‌బుకరా చెట్టు నిండా కాసి ఉందట. ఆ మొదటి ఏడు వాళ్ళమ్మ ఒక్క పండూ కోయలేదు, ఎవరినీ కోయనివ్వలేదు. రెండో ఏడు జామ్ చేసింది.

"ఎందుకు కోయలేదంటారు?" అని అడిగాను.

"అడిగితే పుల్లగా ఉంటాయనేది. అవి తియ్యటి పండ్లు."

పాత పటం మీద పేర్లు జర్మన్‌లో ఉండేవి. వాటిని కొట్టేసి పైన ఎవరో చెక్ పేర్లు రాశారు. ఆ తర్వాత పొరుగూరిని నేల పైనుంచే తవ్వుకుంటూ పోయి పూర్తిగా మింగేశారు. అక్కడిప్పుడు పెద్ద చెరువుంది. ఈ ఊరు మిగిలిందంటే కారణం చర్చి గుట్టే. బొగ్గు పొర ఆ గుట్ట కిందికి వచ్చేసరికి సన్నబడి లోతుకు వంగిపోయింది. తవ్వినా లాభం లేదని వదిలేశారు. "దేవుడు కాపాడాడంటుంది మా అక్క. నేను పొర మందం అంటాను. యాభై ఏళ్ళుగా తెగలేదు" అనేవాడు. వాగు పక్కన రెండు చోట్ల నేల కుంగి మడుగులయ్యాయి. కింద తవ్వి వదిలేసిన చోట్లు కూలితే పైనున్న నేల అలాగే దిగుతుంది. ఆ మడుగుల్లో ఇప్పుడు బాతులున్నాయి.

కుంగిన నేల గురించి ఆయన నాకు చేత్తో చేసి మరీ చూపించాడు, అర్థం కాదేమోనని. నేను తల ఊపాను. మాది ఉత్తర తెలంగాణలో బొగ్గు గనుల ఊరు. అలా కుంగిన పొలాల్లో నేను మేకల్ని వెతికాను. గని సైరన్ విని బడికి తయారయ్యాను. మా బాపు, అంటే నాన్న, ఆ గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టేవాడు. తర్వాత ఇనుప దిమ్మెలు వచ్చాయి గానీ ఆయనకు నచ్చేవి కావు. కర్ర విరిగే ముందు పలుకుతుంది, మనిషి పక్కకు జరగడానికి వ్యవధి ఇస్తుంది, ఇనుము చెప్పకుండానే పోతుంది అనేవాడు. ఇంటికి వస్తే ఆయన దగ్గర బొగ్గు వాసన కంటే కోసిన కర్ర వాసనే ఎక్కువ ఉండేది.

ఇందులో ఒక్క ముక్క కూడా నేను ముహందిస్‌కు చెప్పలేదు. చెప్పకపోవడమొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. మొదటి శనివారమే ఆయన, "మా నాన్న గనిలో చేశాడు. మరి మీ నాన్న?" అని అడిగితే, "ఆఫీసులో క్లర్కు" అన్నాను.

నోటికి అలవాటైన జవాబు అది. జింజ్‌లో మేం కలిసే తెలుగు కుటుంబాల్లో ఒకరి తండ్రి లెక్చరర్, ఇంకొకరి తండ్రి తహశీల్దారు. వచ్చిన కొత్తలో ఒక విందులో ఎవరో అడిగితే క్లర్కు అనేశాను. మా వైపు నుంచే వచ్చి క్యాంపుల్లో ఉండి కూలి పని చేసేవాళ్ళను బస్సుల్లో చూస్తూ, నేను వాళ్ళలో ఒకణ్ణి కానని నాకు నేనే చూపించుకోవాలనిపించేది. ఒకసారి చెప్పాక మళ్ళీ మళ్ళీ అదే చెప్పాను. బాపు పోయి కొన్నేళ్ళయింది. బహ్రెయిన్‌లో తాను క్లర్కునని ఆయనకు తెలియకుండానే పోయాడు.

పటంలో ఏ గుర్తు ఎక్కడ రావాలో అక్క ఒక జాబితా రాసి పోస్టులో పంపింది. ఫోన్‌లో ఫొటో తీసి పంపొచ్చు కదా అని తమ్ముడంటే, పోస్టాఫీసులో చేసినదాన్ని, కాగితం పోస్టులోనే పోవాలి అందట. రెండు పేజీలు, నీలం సిరా, ముద్దుగా గుండ్రటి అక్షరాలు. పాత పటం మీద ప్రతి గుర్తుకూ ఒక నంబరు, నంబరు ఎదురుగా అదేమిటో చెక్‌లో ఒక మాట. ముహందిస్ ఒక్కో మాటకూ ఇంగ్లీషులో అర్థం చెప్పుకుంటూ పోయాడు. నేను పెన్సిల్‌తో పక్కనే తెలుగులో రాసుకుంటూ పోయాను. హల్దా, మట్టి దిబ్బ. స్తుద్నా, నీళ్ళు తోడుకునేది, బాయి. ఇంకో పది పదిహేను మాటల తర్వాత యామా. మనుషులు నేల లోపలికి దిగే నిలువు దారి. అదీ బాయే.

మా దగ్గర నీళ్ళ బావినీ బొగ్గు గనినీ కూడా బాయే అంటాం. బాపు పనికి పోతూ "బాయికి పోతున్న" అనేవాడు. నీళ్ళకు పోయినా అమ్మ అదే మాట అనేది. చిన్నప్పటి నుంచీ ఏ బాయి ఏదో సందర్భాన్ని బట్టి అర్థమయ్యేది. కాగితం మీద సందర్భం ఏముంటుంది?

ఆఫీసు పనులు పైన పడి నాలుగు వారాలు ఆ పటం పక్కన పెట్టాం. మళ్ళీ కూర్చున్నప్పుడు నేను చెక్ మాటల వైపు చూడలేదు, నా తెలుగు వైపే చూశాను. బహ్రెయిన్‌లో పాత బావులూ ఊటలూ ఎన్నో ఉన్నాయి కాబట్టి మా షీట్లలో నీళ్ళ బావికి నీలం సున్నా గుర్తు సిద్ధంగా ఉంటుంది. బాయి అని ఉన్న చోటల్లా నీలం సున్నా పెట్టాను. మొత్తం పదకొండు. వాటిలో నాలుగు గని దారులు.

ముహందిస్ ఇళ్ళ వరసలూ వాగు వంపులూ చూసి మురిసిపోయి, చిన్న గుర్తుల్ని గమనించకుండానే ఊరికి పంపాడు. వారం తిరక్కుండా అక్క ఫోన్ చేసింది. చర్చి వెనక, సమాధుల పక్క ఖాళీ జాగాలో బావి ఎక్కడిది? అది గనిలోకి గాలి పంపిన దారి, కాంక్రీటు మూత వేసి మూసేశారు. కొత్తగా వచ్చిన ఊరి పెద్ద ఆ పటం చూసి, బావి తెరిస్తే సమాధుల దగ్గర పూలకు నీళ్ళు దొరుకుతాయి కదా అన్నాడట. ఇది ఎవరి పని?

"నువ్వే కదా రాసింది" అన్నాడు తమ్ముడు.

"నేను యామా అనే రాశాను."

ఆయన ఫోన్ పెట్టి నా దగ్గరికి వచ్చాడు. "అక్క రాసిన జాబితా ఉందా?"

సొరుగు లాగాను. పైనే ఉంది. ఒక చోట బాయి, కింద ఇంకో చోట బాయి, నా చేత్తో రాసినవే. రెండు క్షణాల్లో అంతా అర్థమైంది. ఆ కాగితం ఇస్తే పెన్సిల్ రాత ఏమిటని అడుగుతాడు, ఒకే మాట రెండుసార్లు ఎందుకుందంటాడు, గనిని బావి అని ఎవరంటారంటాడు, అది నీకెలా తెలుసంటాడు. సొరుగు మూసేశాను.

"కనబడట్లేదు సార్."

ఆయన నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. "ఆమెకు మొన్ననే కంటి ఆపరేషన్ అయింది. తప్పు రాసి ఉంటుంది. ఒప్పుకోదు" అన్నాడు. అదే మాట అక్కతోనూ అన్నాడు. ఇకమీదట గుర్తులన్నీ తానే చూసుకుంటానని కూడా అన్నాడు.

మూడు శనివారాలు అలా గడిచాయి. మూడో శనివారం ఆయన వీడియో కాల్ చేస్తే నేను పక్కనే ఉన్నాను. తెర మీద తెల్లజుట్టు మనిషి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఏదో రెండు ముక్కలు చెప్పి, మెడలో ఉన్న తాడు తీసింది. తాడుకు తాళంచెవి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి తెర వైపు తోసింది. కాల్ ఆగిపోయింది.

"ఏమన్నారు?" అన్నాను.

"కళ్ళున్నవాళ్ళనే ఎవరినైనా చూసుకోమంది. తాళంచెవి సోమవారం ఊరి ఆఫీసులో ఇచ్చేస్తుందట." ఆయన చాయ్ కప్పు అటూ ఇటూ జరిపాడు. "ఆమె ఇచ్చేస్తే ఆ గది ఎవరు తెరుస్తారు? సామాన్ వేసుకుంటారంతే. ఖలాస్."

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర నా భార్య నన్నే చూస్తూ కూర్చుంది. ఆమెదీ మా వైపే.

"మూడు శనివారాల సంది మొఖం గట్ల పెట్టుకుంటున్నవ్, ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే పప్పుల ఉప్పెక్కువైందని అనేటోనివి. ఇయ్యాల ఎక్కువనే పడ్డది. అనలే నువ్వు."

చెప్పాను. మొత్తం విని, నా కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది.

"గంతేనా? ఆ కాయితం ఆయనకిచ్చేస్తే అయిపాయె."

"ఇస్తే గట్లెందుకు రాసినవని అడుగుతడు. అప్పుడు బాపు సంగతి చెప్పాలె."

"చెప్పు. క్లర్కు గద మీ బాపు, చెప్పనీకి ఏం తక్కువ?"

మొదటిసారి ఆ విందులో నేను అబద్ధం చెప్పినప్పుడు ఆమె నా పక్క కుర్చీలోనే ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

"మా బాపు గూడ బాయిలనే చేసిండు" అంది. "నన్నెవ్వలు అడగలే, నేను చెప్పలే. అడిగినంక అబద్ధమాడింది నువ్వొక్కనివే. నీ అబద్ధం నీ దగ్గర్నే ఉన్నన్ని రోజులు నేనేమన్న అన్ననా? ఇప్పుడు పోయి ఆ ముసలామె మెడల తాళంచెవి గుంజుకున్నది."

మర్నాడు ఆదివారం. ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు కాబట్టి పని రోజే. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాను. ముహందిస్ ఎప్పుడూ తొందరగానే వస్తాడు. కాగితం ఆయన ముందు పెట్టాను.

"దొరికిందా?" అన్నాడు.

అవునంటే చాలు. ఆ జవాబు ఆయనే అందించాడు.

"పోలేదు సార్. నా సొరుగులోనే ఉంది. మీరడిగిన రోజు కూడా ఉంది."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో వరసలు చూసుకుంటూ పోయాడు. యామా దగ్గర వేలు ఆగింది. అక్క సరిగ్గానే రాసింది. పక్కన నా పెన్సిల్ అక్షరాలు.

"ఇదేమిటి?"

"బాయి. బావి అని."

వేలు పైకి పోయి స్తుద్నా దగ్గర ఆగింది. "ఇది?"

"అదీ బాయే."

"ఒకటి నీళ్ళది. ఒకటి మనుషులు దిగేది."

"మా ఊళ్ళో రెంటికీ ఒకటే మాట సార్. మా నాన్న ముప్పై ఏళ్ళు బాయికి పోయాడు. టింబర్‌మన్. క్లర్కు కాదు."

ఆయన కళ్ళద్దాలు తీసి కాగితం మీద పెట్టాడు. కోపం వస్తుందని తెలుసు, వచ్చింది కూడా. కానీ నేననుకున్న చోట రాలేదు. తప్పు గుర్తులు పెట్టినందుకు ఒక్క మాట అనలేదు.

"మూడు వారాలుగా మా అక్కను గుడ్డిదన్నాను" అన్నాడు. "నువ్వు పక్కన కూర్చుని విన్నావు."

"విన్నాను."

"వరస ఇళ్ళలో పుట్టినవాణ్ణి నేను. గని కార్మికుడి కొడుకువని తెలిస్తే నిన్ను ఏమంటాననుకున్నావు?"

కాగితం మీద నా పెన్సిల్ అక్షరాల వైపే చూశాను.

"నేను చెప్పను. ఆమెకు నువ్వే చెప్పు. నీ మాటల్ని నేను చెక్‌లో చెబుతాను, అంతే. యల్లా" అని ఫోన్ తీశాడు. మొదటిసారి ఆమె ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, తమ్ముడితో ఏదో అంది. "ఇవాళ కూడా తన కళ్ళ గురించేనా అంటోంది" అన్నాడాయన.

చెప్పాను. మధ్యలో ఆపకుండా, సొరుగు మూసిన సంగతితో సహా. ఆయన వాక్యం వాక్యం చెక్‌లోకి మార్చాడు. నా అబద్ధాన్ని ఆయన గొంతులో నాకు తెలియని భాషలో వినడం కష్టంగా ఉంది. ఎక్కడా మెత్తబరచలేదని మాత్రం ఆమె ముఖం చూస్తే తెలిసింది. అంతా అయ్యాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న నా గురించి కాదు.

"మీ నాన్న అక్కడ ఏం పని చేసేవాడని అడుగుతోంది."

కర్ర దుంగలు నిలబెట్టే పని అని చెప్పాను. కర్ర విరిగే ముందు పలుకుతుందన్న మాట కూడా చెప్పాను, ఎందుకో. ఆమె తల ఊపి, బల్ల మీద పిడికిలితో రెండుసార్లు కొట్టి చెవి ఒగ్గి విన్నట్టు చూపించింది. వాళ్ళ నాన్నా అలాగే చేసేవాడని ముహందిస్ అన్నాడు. నవ్వలేదు ఆమె. నన్ను క్షమించానని కూడా అనలేదు. తమ్ముడి వైపు తిరిగి గట్టిగా ఏదో అంది. ఆయన దాన్ని నాకు చెప్పడానికి కాస్త వెనకాడాడు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి, నీ చెవులే చూపించుకో అంటోంది. యామా అని మూడుసార్లు చెప్పిందట."

సోమవారం ఆమె ఊరి ఆఫీసుకు వెళ్ళింది. తాళంచెవి ఇవ్వడానికి కాదు. చర్చి వెనక మూత జోలికి ఎవరూ పోవద్దని కాగితం రాసిచ్చి రావడానికి. ఆ నెలంతా శనివారాలు నేను గీస్తుంటే ఆమె తెర మీద కూర్చుని ఒక్కో గుర్తూ చూసింది. నీళ్ళ బావికి నీలం సున్నా, గని దారికి నల్ల చదరంలో అడ్డగీతలు. నాలుగూ సరిగ్గా వాటి చోటికి వచ్చాయి. చివరి నమూనా దగ్గర్లోని జిదాఫ్స్‌లో ఒక షాపులో ప్రింటు తీయించి, గుండ్రంగా చుట్టి ముహందిస్ చేతికిచ్చాను. ఆయన నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకా కొంతకాలం పట్టింది. నేను తొందరపెట్టలేదు.

మొన్న మళ్ళీ ఒక విందు. కొత్తగా వచ్చిన ఒకాయన, మీ ఫాదర్ ఏం చేసేవారండీ అని అడిగాడు. "బాయిల చేసిండండీ. బొగ్గు బాయిల" అన్నాను. అలాగా అని ఆయన బిర్యానీ వడ్డించుకున్నాడు. అంతే జరిగింది. నా భార్య అటు చూస్తూ పప్పు తింటోంది.

బోర్డు పెట్టారు. ఫొటో వచ్చింది. పక్కన అక్క, మెడలో తాళంచెవి. ఆమె తన జాబితా వెనక్కి పంపమంది, అదీ పోస్టులోనే. నా పెన్సిల్ రాత చెరిపి పంపాలా అని అడిగితే వద్దంది. తర్వాత తెలిసింది, దాన్ని ఆ దీపాల గదిలో అద్దం కింద పెట్టిందట. చూడవచ్చినవాళ్ళు ఇదేం లిపి అని అడుగుతారట. ఆమె మొత్తం కథ చెబుతుంది. ఎక్కడో వేడి దేశంలో ఒకతను రెండు గుంటలకు ఒకే మాట రాశాడని, ఆ తర్వాత కాగితం దాచాడని, తర్వాత తెచ్చి ఇచ్చాడని. దాచిన ముక్క వదిలేయమని అడగనా అన్నాడు ముహందిస్. అడగొద్దన్నాను.